కిలో కందిపప్పు ప్యాకెట్‌లో 954 గ్రాములే ఉంటే ఎవరిని అడగాలి?

మీరు అడిగిన విషయాన్ని నేను అర్థం చేసుకున్నది ఇది. హనుమకొండలో మీ వీధి చివరి కిరాణా దుకాణంలో ఒకే బ్రాండ్ కందిపప్పు కిలో ప్యాకెట్లు మూడు కొన్నారు. చేతికి తేలికగా తోచి, ఇంట్లో ఉన్న చిన్న డిజిటల్ కాంటా మీద కవరుతో సహా తూచితే 962, 980, 996 గ్రాములు వచ్చాయి. దుకాణదారును అడిగితే, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే అమ్ముతున్నామని, తనకేమీ సంబంధం లేదని అన్నాడు. ఇప్పుడు ఎవరి మీద ఫిర్యాదు చేయాలి, చేసినందువల్ల ఏమైనా జరుగుతుందా అన్నది మీ ప్రశ్న. నేను తూనికలు, కొలతల శాఖలో ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కనుక, చట్టంలో ఉన్నదీ, గోదాముల్లో నేను చూసినదీ కలిపి చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఆ మూడు ప్యాకెట్లలో ఒక్కదాన్ని కూడా కత్తిరించకండి. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుదారుల్లో సగానికి పైగా పప్పును డబ్బాలో పోసుకుని, ఖాళీ కవరును చేతిలో పట్టుకుని వచ్చినవారే. వారు చెప్పింది నిజమేనని నాకు తెలిసినా, కోసిన కవరుతో నేను చేయగలిగింది దాదాపు ఏమీ ఉండేది కాదు. ప్యాకెట్ సీలు చెక్కుచెదరకుండా ఉండటం, బిల్లు ఉండటం, ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు, ప్యాకింగ్ నెల కనిపించడం: ఈ మూడూ ఉంటే మిగతా పని శాఖ చేస్తుంది. మీ బిల్లు చిత్తు కాగితం మీద రాసినదైతే, వెళ్ళి ముద్రించిన బిల్లు తెచ్చుకోండి, లేదా ఫోన్‌లో డబ్బు పంపిన రుజువును భద్రం చేసుకోండి.

ఇక మీ కాంటా సంగతి. వంటింటి కాంటాకు శాఖ ముద్ర ఉండదు కనుక దాని తూకానికి సాక్ష్యంగా విలువ లేదు, కానీ అనుమానం సరైనదో కాదో తేల్చుకోవడానికి అది చాలు. పది రూపాయల నాణెం ఒక్కొక్కటి సుమారు 7.7 గ్రాములు తూగుతుంది, కాబట్టి పది నాణేలు పెడితే 77 గ్రాముల దగ్గర చూపించాలి. అయితే 77 గ్రాముల దగ్గర సరిగా చూపించిన కాంటా కిలో దగ్గర తప్పు చూపించవచ్చు. కూరగాయలు అమ్మేవారిలో ఇంకా ఇనుప బాట్లు వాడేవారు కొందరు ఉన్నారు. కిలో బాటును అడిగి తీసుకుని, దాని మీద ఉన్న సీసపు బిళ్ళను చూడండి. దాని మీద కొట్టిన ముద్రలో సంవత్సరం, ఏ త్రైమాసికమో తెలిపే అక్షరం ఉంటాయి. ముద్ర ఈ మధ్యదైతే ఆ బాటును మీ కాంటా మీద పెట్టి చూడండి. వెయ్యికి రెండు మూడు గ్రాముల తేడా వస్తే మీ కాంటాను నమ్మవచ్చు, ఇరవై వస్తే ఈ మొత్తం గొడవకు మూలం మీ వంటింట్లోనే ఉందని అర్థం.

కాంటా సరైనదేనని తేలితే లెక్కకు వద్దాం. ప్యాకెట్ మీద రాసేది నికర తూకం, అంటే కవరు బరువు పోగా లోపల ఉన్న సరుకు తూకం. కిలో పప్పు కవరు సుమారు 8 గ్రాములు ఉంటుందనుకుంటే (పాత కవరు ఒకటి ఇంట్లో ఉంటే తూచి చూడండి), మీ ప్యాకెట్లలో ఉన్న పప్పు 954, 972, 988 గ్రాములు. తగ్గినది వరుసగా 46, 28, 12 గ్రాములు. మీరు ఈ మూడింటినీ ఒకే రకం మోసంగా చూస్తున్నారు, చట్టం మాత్రం వాటిని మూడు వేరువేరు మెట్ల మీద నిలబెడుతుంది.

ప్యాకెట్ సరుకుల తూకాన్ని నడిపేది 2009 లీగల్ మెట్రాలజీ చట్టం, దాని కింద వచ్చిన 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు. ఈ రెండూ 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, అంతకుముందు ఇదే పనిని 1976 చట్టం చేసేది. యంత్రం మీద నిమిషానికి పదుల ప్యాకెట్లు నింపేటప్పుడు ఒక్కో ప్యాకెట్‌లో గ్రాము తేడా లేకుండా నింపడం ఎవరికీ సాధ్యం కాదు కనుక, నిబంధనల మొదటి షెడ్యూల్‌లో ఒక్కో తూకానికి ఎంత తేడాను సహించవచ్చో రాశారు. 50 గ్రాముల వరకు 9 శాతం, 50 నుంచి 100 వరకు 4.5 గ్రాములు, 100 నుంచి 200 వరకు 4.5 శాతం, 200 నుంచి 300 వరకు 9 గ్రాములు, 300 నుంచి 500 వరకు 3 శాతం, 500 నుంచి 1000 వరకు 15 గ్రాములు, ఆ పైన 10 కిలోల వరకు 1.5 శాతం. మీ కిలో ప్యాకెట్‌కు హద్దు 15 గ్రాములు. కాబట్టి 12 గ్రాములు తగ్గిన మూడో ప్యాకెట్ విడిగా చూస్తే నిబంధనల లోపలే ఉంది. 28 గ్రాములు తగ్గిన రెండోది హద్దు దాటింది, అయినా అలాంటివి ఒక బ్యాచ్‌లో బహు కొద్ది సంఖ్యలో ఉంటే సహిస్తారు. 46 గ్రాములు తగ్గిన మొదటిది హద్దుకు రెట్టింపైన 30 గ్రాములను కూడా దాటింది. నమూనాగా తీసిన ప్యాకెట్లలో అలాంటిది ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇక్కడే చాలామంది, కొందరు వకీళ్ళతో సహా, పొరబడతారు. సహించే హద్దు ఉందంటే అంత తక్కువ నింపుకోవడానికి అనుమతి ఉందని అనుకుంటారు. అలా కాదు. ప్యాక్ చేసే చోట తనిఖీ జరిగినప్పుడు బ్యాచ్ నుంచి నమూనాలు తీసి తూచి, వాటి సగటు ప్యాకెట్ మీద రాసిన తూకానికి తగ్గకూడదన్న షరతును కూడా చూస్తారు. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరిగి సగటు సరిపోవాలి. అన్నీ ఒకే వైపు తగ్గుతూ ఉంటే, ఒక్కొక్కటిగా ఏ ప్యాకెట్‌లోనూ తప్పు పట్టలేకపోయినా, బ్యాచ్ మొత్తంగా తప్పుతుంది.

వరంగల్ పొలిమేరలో ఒక కారంపొడి యూనిట్‌లో జరిగింది చెబితే ఇది స్పష్టమవుతుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే ఎండాకాలపు రోజులవి. అర కిలో కారం ప్యాకెట్లలో తూకం తగ్గుతోందని ఫిర్యాదు వస్తే, ఇద్దరు సాక్షులతో వెళ్ళాం. ముందుగా ఖాళీ కవర్లు పది కలిపి తూచి సగటు తీస్తే ఒక్కోటి 6 గ్రాములు వచ్చింది. తర్వాత వరుసల మధ్య నుంచి, అడుగు నుంచి, అంచుల నుంచి ఏరి తీసిన ప్యాకెట్లను ఒక్కొక్కటిగా తూచాం. 499, 501, 500, 498, 500. తుమ్ములతో, కళ్ళ నీళ్ళతో రాసుకుంటూ పోయిన ఆ అంకెలన్నీ కవరుతో కలిపినవే. కవరు తీసేస్తే ప్రతి ప్యాకెట్ 494 దగ్గర ఉంది. అర కిలోకు సహించే హద్దు 15 గ్రాములు కనుక ఒక్కటి కూడా విడిగా పట్టుబడదు, కానీ సగటు 6 గ్రాములు తక్కువ. యంత్రం నడిపే కుర్రవాడు, "సార్, కాంటా మీద ఐదు వందలు చూపిస్తోంది కదా" అని నిజాయతీగానే ఆశ్చర్యపోయాడు. ఖాళీ కవరును కాంటా మీద పెట్టి టేర్ మీట నొక్కి సున్నా చేసి, ఆ తర్వాత నింపాలని అతనికి ఎవరూ చెప్పలేదు. యజమానికి మాత్రం తెలుసో లేదో నేను తేల్చలేకపోయాను. రోజుకు 4,000 ప్యాకెట్లు నింపే చోట 6 గ్రాముల చొప్పున 24 కిలోల కారం మిగులుతుంటే, నెల తిరిగేసరికి లెక్కల పుస్తకంలో అది కనిపించకుండా ఉంటుందా అన్నది నా అనుమానం.

కొనుగోలుదారు కాంటా మీద ఆ 6 గ్రాములు ఎప్పటికీ తేలవు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, తూకం కేసు నిలబడేది బ్యాచ్ మీదేనని, మీ చేతిలోని ప్యాకెట్ ఆ బ్యాచ్ దగ్గరికి అధికారిని నడిపించే ఆధారమని. ఫిర్యాదు రాసేటప్పుడు "నాకు 46 గ్రాములు తగ్గింది" అని మాత్రమే రాసి ఆపకండి. "ఫలానా బ్యాచ్ నంబరు, ఫలానా నెలలో ప్యాక్ చేసిన సరుకును ప్యాక్ చేసిన చోట తనిఖీ చేయాలని కోరుతున్నాను" అని కూడా రాయండి. మొదటి వాక్యం ఒక్కటే ఉంటే, దుకాణంలో నాలుగు ప్యాకెట్లు తూచి ఫైలు మూసేయడానికి వీలుంటుంది.

ఎండకు సరుకు ఆరి తూకం తగ్గిందని ప్యాక్ చేసినవారు చెప్పడం పరిపాటి. మన ప్రాంతపు మే నెల ఎండను చూసినవారికి అది నమ్మదగినట్టే వినిపిస్తుంది. అయితే "ప్యాక్ చేసినప్పటి తూకం" అనే మాట వాడుకునే వెసులుబాటు సబ్బుల వంటి, షెడ్యూల్‌లో పేర్కొన్న కొన్ని సరుకులకే ఉంది. పప్పుకు లేదు. "సుమారు", "సగటున", "ఇంతకు తక్కువ కాకుండా" అనే మాటలు నికర తూకం పక్కన రాయడం కూడా కుదరదు.

దుకాణదారు విషయంలో మీ కోపం కొంత పక్కదారి పట్టిందనే చెప్పాలి. నికర తూకంలో తేడాకు శిక్ష వేసే 36వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ తయారుచేసినవారి, ప్యాక్ చేసినవారి, దిగుమతి చేసుకున్నవారి గురించి మాట్లాడుతుంది. సీలు వేసి వచ్చిన ప్యాకెట్‌ను విప్పి తూచి చూసే పని చట్టం కిరాణా వ్యాపారి మీద పెట్టలేదు. ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర తూకం, నెల, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించే వివరాలు వంటివి లేని ప్యాకెట్ అమ్మితే మాత్రం అదే సెక్షన్ మొదటి ఉపసెక్షన్ కింద అమ్మినవాడూ బాధ్యుడే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, అది మన బజార్లలో రోజూ కనిపించేదే. బీట్ బజార్ నుంచి క్వింటాలు బస్తా తెచ్చుకుని, పొద్దున్నే తీరికగా ఉన్నప్పుడు అర కిలో, కిలో కవర్లలో నింపి పిన్ను కొట్టి అరలో పేర్చుకునే దుకాణాలు ఎన్నో ఉన్నాయి. కొనేవారు ఎదురుగా లేనప్పుడు ముందే నిర్ణయించిన తూకంతో నింపి పెట్టిన ఏ సరుకైనా, సీలు ఉన్నా లేకపోయినా, చట్టం దృష్టిలో ముందుగా ప్యాక్ చేసిన సరుకే. కాబట్టి అక్కడ కిరాణా వ్యాపారే ప్యాక్ చేసినవాడు, తూకం తగ్గితే బాధ్యత అతనిదే. సంక్రాంతికి సకినాలు, గారెలు ఇంటి దగ్గర చేసి పావు కిలో ప్యాకెట్లుగా దుకాణాలకు వేసే మహిళా సంఘాలకు కూడా ఇదే వర్తిస్తుంది. వారిని పట్టుకోవడం కన్నా, ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి టేర్ మీట చూపించడం మేలని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అనుకునేవాడిని, ఇప్పటికీ అంతే. మీ ఎదురుగా తూచి ఇచ్చేదైతే, ఉదాహరణకు మిఠాయిని అట్టపెట్టెతో కలిపి తూచి పెట్టె బరువుకు కూడా మిఠాయి ధరే వసూలు చేస్తే, అది 30వ సెక్షన్ కిందికి వస్తుంది.

మీరు వెళ్ళవలసింది జిల్లా తూనికలు, కొలతల అధికారి కార్యాలయానికి. రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. వెళ్ళడం కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు, అయితే ప్యాకెట్లు చేతికి అందనిదే ఫిర్యాదు ముందుకు కదలడం కష్టం కనుక కార్యాలయానికి ఒకసారి వెళ్ళడమే మంచిదని నా సలహా. అక్కడ ముద్ర ఉన్న కాంటా మీద మీ ప్యాకెట్లను మీ ఎదుటే తూచమని అడగండి, ఆ తూకాన్ని రాసి ఇవ్వమని కోరండి. 15వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే, ఆ సమాచారం ఎవరు ఇచ్చినా సరే, అధికారి ప్రాంగణంలోకి వెళ్ళి తనిఖీ చేయవచ్చు, సరుకును జప్తు చేయవచ్చు. ప్యాక్ చేసిన చోటు నాగపూర్ వైపో, కర్ణాటకలోనో ఉంటే (మనకు వచ్చే కందిపప్పులో చాలా భాగం ఆ దారుల్లోనే వస్తుంది) ఇక్కడి అధికారి నేరుగా వెళ్ళలేడు, ఆ రాష్ట్రపు శాఖకు రాయవలసి ఉంటుంది. అందుకు నెలలు పట్టవచ్చు. అప్పుడు ఏ తేదీన ఏ ఉత్తరం వెళ్ళిందో తెలుసుకోవడానికి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అలాంటి దరఖాస్తు ఫైలులో చేరితే ఆ ఫైలు అడుగున పడిపోదని, ఆ బల్లకు ఇవతల కూర్చున్నవాడిగా నాకు తెలుసు.

శిక్ష గురించి ఎక్కువగా ఊహించుకోకండి. 2009లో చట్టం చేసినప్పుడు, నికర తూకం తేడాకు మొదటి నేరానికి 10,000 రూపాయలకు తగ్గకుండా 50,000 వరకు జరిమానా పెట్టారు. మళ్ళీ చేస్తే లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ. ఆచరణలో మొదటి నేరం దాదాపు ఎప్పుడూ కోర్టు దాకా వెళ్ళదు. 48వ సెక్షన్ కింద రుసుము కట్టించుకుని రాజీ చేస్తారు. ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుంది, మీకు ఒక్క రూపాయి రాదు. ఈ రాజీ పద్ధతి మీద నాకు సదభిప్రాయం లేదు, ఎందుకంటే పెద్ద ప్యాకింగ్ యజమానికి అది కరెంటు బిల్లు లాంటి ఖర్చు. కానీ అదే సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది. రాజీ అయిన నాటి నుంచి మూడేళ్ళలోపు అదే నేరం మళ్ళీ చేస్తే ఇక రాజీ లేదు, కోర్టు బోను ఎక్కవలసిందే. యజమానులు జరిమానాకు భయపడటం నేను ఎన్నడూ చూడలేదు, ఆ మూడేళ్ళ లెక్కకు మాత్రం భయపడతారు. మీ ఫిర్యాదు మొదటిదైతే దాని విలువ రెండోది వచ్చినప్పుడు తెలుస్తుంది.

మీకు పరిహారం కావాలంటే తోవ వేరు, అది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్ళు. 2024లో కేరళలోని త్రిస్సూర్ జిల్లా కమిషన్ 300 గ్రాముల బిస్కెట్ ప్యాకెట్లలో 268, 249 గ్రాములే ఉన్న కేసులో 50,000 రూపాయల పరిహారం, 10,000 ఖర్చులు ఇప్పించింది. అక్కడ ఫిర్యాదుదారుకు కలిసివచ్చింది, ముందుగా తూనికల శాఖ అధికారితో తూకం వేయించి పెట్టుకోవడం. 2023లో తమిళనాడులోని తిరువళ్ళూరు కమిషన్ ఒక బిస్కెట్ తగ్గిన ప్యాకెట్ విషయంలో లక్ష రూపాయలు ఇవ్వమన్నది. 76 గ్రాములకు 4.5 గ్రాముల తేడా నిబంధనల్లోనే ఉందని కంపెనీ వాదిస్తే, ఆ వెసులుబాటు ఆవిరయ్యే స్వభావం ఉన్న సరుకులకే అని కమిషన్ తోసిపుచ్చింది. మొదటి షెడ్యూల్‌ను నేను చదివిన తీరులో అలాంటి విభజన కనిపించదు, కాబట్టి ఆ తీర్పును చూసుకుని మీ 12 గ్రాముల ప్యాకెట్ ఒక్కదాని మీదే కేసు వేయమని నేను చెప్పను. మీ బలం 46 గ్రాముల ప్యాకెట్‌లో ఉంది. నష్టపోయినవారు ఎందరో ఉండి వారిని విడివిడిగా గుర్తించడం కుదరనప్పుడు, అమ్మిన ఆ సరుకు విలువలో 25 శాతానికి తగ్గకుండా కట్టమని ఆదేశించే అధికారం కూడా 39వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. ఫిర్యాదులో దాన్ని అడగడం చాలామంది మరచిపోతారు. అయితే అది అడగాలంటే బ్యాచ్ మొత్తంగా తగ్గిందని చూపించే తనిఖీ నివేదిక చేతిలో ఉండాలి. అందుకే ముందు శాఖకు, తర్వాత కమిషన్‌కు వెళ్ళమంటున్నాను.

రేపు కార్యాలయానికి వెళ్ళేటప్పుడు మూడు ప్యాకెట్ల బ్యాచ్ నంబర్లు ఒకటేనా అని చూసుకోండి. ముందూ వెనకా, తేదీ, నంబరు కనిపించేలా ఫోటోలు తీయండి. 988 గ్రాముల ప్యాకెట్ హద్దులోనే ఉంది కదా అని దాన్ని ఇంట్లో వాడేసుకోకండి. బ్యాచ్ ఒకటే అయితే అది కూడా తక్కువ వైపే ఉందన్నది అధికారికి పనికివచ్చే సంగతి, కాబట్టి మూడింటినీ కలిపే అప్పగించి రసీదు తీసుకోండి.